గబ్బిలమునకు పురుగు చెప్పు జవాబు

రాత్రివేళ దీపము చుట్టును తిరుగు శలభమొకటి హఠాత్తుగా రెక్కలు ముడుచుకొని నేలపై రాలుటను మీలో కొందరు చూచియే యుందురు. దీపపు వేడిమికి కమిలినదని మనకు తోచును. కాని ఒక్కొక్కప్పుడు ఆ పురుగు, మనకు వినబడని కేకనొకదానిని విని, ప్రాణభయమున క్రిందికి దూకినదై యుండవచ్చును.

ఆ కేక గబ్బిలముది. కన్నులు లేని గబ్బిలము సయితము చీకటిలో దేనికిని తగులక ఎగురగలదని 1793లో ఇటలీ దేశీయుడగు స్పల్లంజాని కనుగొనెను. చెవులు మూసినచో అది దారి తప్పునని జెనీవా వాస్తవ్యుడగు జురీన్ చూపెను. చెవితో చూచుట యెట్లని ఆనాటివారు పెక్కుమంది నమ్మరైరి. 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రిఫిన్ అను విద్యార్థి, పియర్సు అను ఆచార్యుని యంత్రము నెదుట గబ్బిలములను ఉంచగా గుట్టు బయటపడినది. సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వని మన చెవికి అందదు. గబ్బిలపు కేకలు చాలవరకు అంతకు మించిన అతిధ్వనులు. అవి పురుగునకు తగిలి మరలి రాగా, ఆ ప్రతిధ్వనిని బట్టి గబ్బిలము దాని దిక్కును, దూరమును గ్రహించును. వెదకునప్పుడు సెకనుకు పదిసార్లు అరచునది, పురుగును సమీపించిన కొలది నూరుసార్లకు పైగా అరచును. (మన మర్రిచెట్లపై వ్రేలాడు పెద్ద గబ్బిలముల సంగతి వేరు. అవి ఫలాహారులు, కన్నులతోను, ముక్కుతోను బ్రదుకును.)

ఇక శలభపు వంతు. పెక్కు శలభములకు రొమ్ము ఇరుప్రక్కలను చెవులు గలవు. ఒక్కొక్క చెవిలో వినికిడి కణములు రెండే! అయినను అవి చాలును. కేక సన్నగా వినబడిన, శలభము దూరముగా మరలిపోవును. బిగ్గరగా వినబడిన, గబ్బిలము మీదికి వచ్చినదన్నమాట; వెంటనే గిరికీలు కొట్టుచు నేలకు దూకును. దీనిని రోడర్ అను శాస్త్రజ్ఞుడు విశదపరచెను.

కొన్ని శలభములు పారిపోవుటతో ఆగక, ఎదురు బదులు పలుకును. పులి శలభములనబడు జాతికి రొమ్మునకు ఇరువైపుల గట్టి పొర యొకటి గలదు. అది లోనికి వంగునప్పుడును, తిరిగి పొంగునప్పుడును టకటకమని ధ్వనించును. ఆ సద్దు విని గబ్బిలము ప్రక్కకు తొలగునని 1965లో డన్నింగ్, రోడర్ అను వారు చూపిరి. ఏల తొలగవలెను? బెదరి తొలగునేమో. లేక, విషపు ఆకులు తిని పెరిగిన ఈ పురుగు చేదని ఎరిగి తొలగునేమో. చేదు పురుగుల విషయమున రెండవ మాట సత్యమే. రుచిగల శలభములు సయితము చేదువాని సద్దును అనుకరించి బ్రదుకునని 2007లో తేలినది.

అయితే బెర్తోల్డియా అను పులి శలభము చేదు కాదు. గబ్బిలము చక్కగా తినును. ఇది సెకనుకు 4,500 టకటకల వరకు చేయగలదు. 2009లో కార్కరన్, బార్బర్, కానర్ అను వారు ఈ శలభములను దారముతో కట్టి గబ్బిలములకు ఎర చూపిరి. బెదరుట మాత్రమే కారణమైనచో, కొన్ని రాత్రులకు బెదురు తీరవలెను. చేదని భయమైనచో, ఒకటి రెండు రుచి చూచిన పిదప ఆ భయము పోవలెను. రెండును జరుగలేదు. రాత్రుల తరబడి గబ్బిలములు గురి తప్పుచునే యుండెను. పొరను పొడిచి మూగను చేసిన శలభములు మాత్రము సులభముగా చిక్కెను. అనగా ఈ టకటకలు ప్రతిధ్వనితో కలిసిపోయి, దూరపు లెక్కను తారుమారు చేయుచున్నవి. సంతలో పదిమంది ఒక్కసారిగా అరచినచో, మనము పిలిచిన వాని బదులు మనకు వినబడునా?

చెవులే లేని శలభములును గలవు. ఒడిశా అడవులలో పెంచు దసలి పట్టుపురుగు ఆ కుటుంబములోనిదే. దాని దగ్గరి చుట్టమగు చైనా దసలి శలభపు రెక్కలపైనున్న సన్నని పొలుసులు అతిధ్వనిని పీల్చివేయునని 2020లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయము వారు వెల్లడించిరి. అది వినలేదు, పలుకలేదు. గబ్బిలపు కేకను కొంతవరకు మరలిపోనీయక దాచుకొనును.