మా ఊరి పాత గిర్ని మళ్లా తిరుగుతున్నది: రంగులతో కాదు, జొన్నలతో

పై వీడియోలో వినిపించే గరగర సప్పుడు ఆర్మూర్ దగ్గర మా ఊరి పాత గిర్నిది. తాతల కాలంలో ఆయిల్ ఇంజన్ మీద నడిచింది. తర్వాత చాలా ఏండ్లు మూతపడింది. షెడ్డు కూలగొట్టి షటర్లు కట్టాలని యజమాని అనుకుంటుంటే, మేము నలుగురం రైతులం ఏడాది గడువు అడిగి కిరాయికి తీసుకున్నం. వచ్చే వానాకాలానికి ఆ గడువు అయిపోతది.

మొదట మేం తప్పు చేసినం. సున్నం వేయించి, బెంచీలు వేసి, గోడల మీద బొమ్మలు గీయించినం. ఊరోళ్లంతా కూర్చొని మాట్లాడుకునే జాగ అవుతదనుకున్నం. మొదటి రోజు అందరూ వచ్చి ఫొటోలు దిగిండ్రు. పదిహేను రోజులకు మేం నలుగురమే మిగిలినం. ఓ అవ్వ వచ్చి తేల్చి చెప్పింది: "గిర్ని తిరగకుంటే ఈడికెందుకొస్తరు బిడ్డా? కూసునేదుంటే ఇంట్లనే కూసుంటరు గద!"

ఆ మాట నిజం. ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో పన్‌చక్కి అని పాత నీటి మర ఉన్నది. దూరం నుంచి భూమి లోపలి గొట్టాల్లో వచ్చే నీటి బలంతో రాయి తిరిగి, దర్గాకు వచ్చేవాళ్ల అన్నదానానికి పిండి పట్టేది. ఇప్పుడు జనం దాన్ని చూడటానికి వస్తరు. పిండి కోసం రారు. 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో నెదర్లాండ్స్ గాలిమరలు, నీటిమరలు నడిపే వాళ్ల పనితనాన్ని చేర్చింది. అంటే కట్టడం ఒక్కటే కాదు, నడిపే చెయ్యి కూడా వారసత్వమే.

మరి గిర్నికి గింజలెక్కడివి? మన దగ్గర ఎర్రజొన్న ఎంత పండినా కంచంలోకి రాదు, పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి పోతది. పసుపు కొమ్ములు నిజామాబాద్ యార్డుకు పోతయి. ఈ రెండు పంటల ధర కోసమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీ చేసిండ్రు. ఒక ఊరి గిర్నితో ఆ ధరలు మారవు. కానీ మన ఇంటి రొట్టెకు గింజ ఎక్కడిదన్నది మన చేతిలో ఉంది.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చేసింది ఇదే. పడావు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊర్లోనే నిల్వ చేసి పంచుకున్నరు. ముందు గింజ, తర్వాతే మిగతావన్నీ. మేమూ అదే దారి పట్టినం. పోయిన యాసంగిలో మా నలుగురి పొలాల్లో కొంత జాగ తినే తెల్లజొన్నకు, పచ్చజొన్నకు ఇచ్చినం.

గిర్ని తెరవాలనుకునే వాళ్లకు మేం నేర్చుకున్న నాలుగు ముచ్చట్లు:

1. రాళ్లు అరిగితే పిండి వేడెక్కుతది. కక్కు కొట్టించాలి. కొట్టించినంక మొదట పట్టిన పిండిలో రాతిపొడి ఉంటది, పశువులకు కూడా పెట్టొద్దు, పారబోయాలి.

2. విత్తనశుద్ధి మందు పట్టించిన జొన్నలు మిగిలినా సరే, గిర్ని గడప తొక్కనియ్యొద్దు. ఎర్రజొన్న విత్తన ప్రాంతం మనది, ఇక్కడ ఈ జాగ్రత్త తప్పనిసరి.

3. పసుపును పిండి రాళ్ల మీద పట్టొద్దు. రంగు, వాసన వదలవు. దానికి వేరే మిషన్ ఉండాలి. వేడెక్కితే పసుపులోని నూనె, సువాసన పోతయి, కాబట్టి ఆపి ఆపి పట్టాలి.

4. బెల్టుకు జాలీ కట్టండి. చీర కొంగు, తువ్వాల చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తది.

ఇక అసలు సంగతి. జొన్నపిండి ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. గింజలోని నూనె గాలి తగిలి చేదెక్కుతది. ప్యాకెట్ వ్యాపారానికి అది లోపం. మాకు మాత్రం అదే వరం. పిండి నిల్వ ఉండదు కాబట్టే మనిషి పది, పదిహేను రోజులకోసారి మళ్లా రావాలి. వారంలో రెండు రోజులే గిర్ని నడుపుతున్నం, అందుకే అందరూ ఒకేసారి వస్తరు. వంతు కోసం ఆగినప్పుడు జీవామృతం ఎట్ల కలిపినవ్, దుంపకుళ్లుకు ఏం చేసినవ్, నీ దగ్గర విత్తనం ఉందా అనే మాటలు అవే మొదలైతయి. మేం వేసిన బెంచీలు ఇప్పుడు సరిపోతలేవు. పోయిన వారం బొమ్మల గోడకు ఆనించి సంచులు పెట్టుకున్నరు.

కరెంటు బిల్లు, కిరాయి మాత్రం ఇంకా గిర్ని పైసలతో ఎల్తలేవు. చెరింత చేతి నుంచి పెడుతున్నం. ఇంకో ఇరవై ఇండ్లు సంచి పట్టుకొస్తే నిలబడుతది. లేకుంటే షటర్లే. ఆర్మూర్ దిక్కు వచ్చేవాళ్లు ఒక్కసారి వచ్చి చూడండి. వచ్చేటప్పుడు ఫోన్‌తో పాటు ఓ అడ్డెడు జొన్నలు కూడా పట్టుకురండి.