పిల్లి ఎందుకు కక్కుతోంది?

హజ్రత్ అబూ హురైరా (రజి)కి ఆ పేరు పిల్లికూన మూలంగానే వచ్చింది. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు కూడా మనకు తెలిసిందే. అయితే తిండి పెట్టినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. పెంచుకున్న పిల్లి పదేపదే కక్కుతుంటే కారణం వెతకాల్సిందీ మనమే.

ముందు కక్కినదాన్ని చూడాలి. వెంట్రుకల ఉండ పడితే ఒళ్లు నాక్కుంటూ మింగిందన్నమాట. ఎప్పుడో ఒకసారైతే భయం లేదు, రోజూ దువ్వితే తగ్గుతుంది. తిన్న వెంటనే తిన్నది తిన్నట్టే వస్తే ఆబగా తినివుండవచ్చు, కొద్దికొద్దిగా పెట్టి చూడాలి. సేమియాలాంటి పురుగులు పడితే డాక్టరు చేత మందు వేయించాలి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, మాన్పించి చూడాలి.

నిజాంపట్నం మండలంలోని అడవులదీవి వంటి తీర ప్రాంతపు ఊళ్లలో మరో ప్రమాదం ఉంది. అది చేప వాసన అంటిన వల దారం. పిల్లి దాన్ని మింగితే ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి పోవచ్చు. కొస కనిపించినా లాగకూడదు, పేగు తెగుతుంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకే రోజు పలుమార్లు కక్కినా, రక్తం పడినా, రోజంతా తిండి ముట్టకపోయినా ఆలస్యం చేయవద్దు. మనుషుల మాత్రలు అసలే వద్దు. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

మేం చెప్పేది ఒక్కటే. ఏం తిన్నది, ఎప్పుడు కక్కింది, ఎన్నిసార్లు కక్కింది, ఇవన్నీ గమనించి డాక్టరుకు చెప్పండి. నోరులేని జీవి తరఫున చెప్పగలిగింది మనమే కదా!