సి డ్రైవ్‌కి వంద జీబీ చాలుతుందా?

"సి కి వంద, మిగతాదంతా డి కి." కంప్యూటర్ షాపుల్లో ఇప్పటికీ వినపడే లెక్క ఇది. ఏడాది తిరిగేసరికి సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. పక్కనే డి సగానికి సగం ఖాళీగా పడి ఉంటుంది.

ముందు డిస్కు మీది అంకె సంగతి. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476గానే కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. తయారీదారు లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. మన లెక్క 476 దగ్గర మొదలుపెట్టాలి.

విండోస్ 11కి కనీసం 64 జీబీ కావాలంటుంది మైక్రోసాఫ్ట్. ఎక్స్‌పీకి ఒకటిన్నర జీబీతో సరిపోయేది! ఉబుంటు డెస్క్‌టాప్ అయితే 25 అడుగుతుంది. ఏదైనా సరే, అది దిగడానికి చెప్పిన అంకె, కాపురానికి కాదు. గృహప్రవేశం నాడు ఏ ఇల్లయినా విశాలంగానే ఉంటుంది.

16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకుందాం. విండోస్ సొంత ఫైళ్లకే పాతిక నుంచి ముప్పై జీబీ పోతుంది. కంప్యూటర్ నిద్రపోయేముందు ర్యామ్‌లోది దాచుకునే హైబర్నేషన్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 6.4 జీబీ. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలుకి మరికొన్ని. అప్‌డేట్ల కోసం విండోస్ అట్టిపెట్టుకునేది దాదాపు 7. మీరింకా ఒక్క ఫొటో కూడా పెట్టలేదు, 45 దాకా అయిపోయింది. పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత విండోస్ పది రోజులపాటు పక్కనే ఉంటుంది కాబట్టి, ఆ కాస్త కాలం రెండు కాపురాలకు చోటుండాలి.

ఆపైన మన సామాను. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, యాప్‌లు దాచుకునే డేటా అన్నీ మనం మార్చకపోతే సి లోనే ఉంటాయి. ఆధార్ పీడీఎఫ్‌ని అవసరమైన ప్రతిసారీ కొత్తగా దించుకునే అలవాటు ఎవరికి లేదు?

సరే, సి పెంచుదామని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డి ని కుదిస్తారు. అయినా 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కుడు పడదు. కుదించగా వచ్చిన ఖాళీ డి కి అవతలి వైపున ఉంటుంది. అది సి ని ఆనుకొని ఉంటేనే ఈ పని కుదురుతుంది. పక్కింటి పెరడు ఖాళీగా ఉందని మన గోడ జరుపుకోలేం కదా. డి లోని ఫైళ్లు వేరే చోటికి ఎత్తి, డి ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో విండోస్ తన మరమ్మతు కోసం ఉంచుకునే రికవరీ పార్టిషన్ అడ్డుపడితే మరో తలనొప్పి. ఆ రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేదని 2024 జనవరిలో ఒక విండోస్ 10 అప్‌డేట్ చాలామందికి ఆగిపోయింది. అలాగని ముందే లెక్క సరిగ్గా కట్టడమూ అంత తేలికేమీ కాదు.

నా మాటైతే ఇది: 256 జీబీ డిస్కుని అసలు విడగొట్టకండి. 512 అయితే సి ని 200 కంటే తగ్గనివ్వకండి, అందులో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. విండోస్ మళ్లీ వేసినా డి లోని ఫైళ్లు భద్రం అని షాపువాళ్లు చెప్పేది నిజమే. కానీ దాన్ని బ్యాకప్ అనుకోకండి, డిస్కు పాడైతే సి, డి రెండూ ఒకేసారి పోతాయి. పిల్లల ఫొటోలు ఇంకో డిస్కులో కూడా పెట్టుకోండి.