సముద్రమంత సరస్సుకు ప్రదక్షిణ

అవతలి ఒడ్డు కనిపించదు. అలలేమో సముద్రాన్ని తలపిస్తాయి. నోట్లో పోసుకుంటే మాత్రం మంచినీళ్లే! అమెరికా, కెనడాల నడుమ 82 వేల చదరపు కిలోమీటర్లలో పరచుకున్న సుపీరియర్ సరస్సు అది. 1975 నవంబరులో వచ్చిన తుపానుకు ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే భారీ ఓడే అక్కడ మునిగిపోయింది. 29 మందిలో ఒక్కరూ బతకలేదు.

అలాంటి సరస్సును 1992లో కయాక్‌లో చుట్టొచ్చారు యాన్ లిన్నియా. అప్పుడామె వయసు 43. వేసవిలోనూ ఒళ్లు కొంకర్లుపోయే నీళ్లు, పొగమంచు, ఈదురుగాలులు... అన్నీ తట్టుకుంటూ 65 రోజులు తెడ్డు వేశారు. దాదాపు 1,900 కిలోమీటర్లు! ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆవిడే.

2010లో మైక్ లింక్, కేట్ క్రౌలీ దంపతులు అదే తీరం వెంట కాలినడకన బయల్దేరారు. అరవైల్లో ఉన్న ఆ జంట 145 రోజుల్లో 2,500 కిలోమీటర్లు నడిచింది... మంచినీటి విలువ చాటేందుకు!