స్పోర్ట్స్ కారు మోత: పొగగొట్టంలో చిల్లు ఎక్కడ?

గత చలికాలంలో యలహంకలో ఉన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. హిందూపురం నుండి బెంగళూరు చేరి స్థిరపడిన అనేకుల వలె అతడూ సంపాదన కుదుటపడగానే చిన్ననాటి ముచ్చట ఒకటి తీర్చుకున్నాడు. పాతదే ఐనా ఎర్రని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. తెల్లవారుజామున దానిని స్టార్టు చేయగా ఇంజను వైపు నుండి టిక్ టిక్ మని గడియారం వంటి చప్పుడు వినవచ్చింది. ఐదారు నిమిషాలలో అదే తగ్గిపోయింది. నేను అడుగగా, "స్పోర్ట్స్ కారు మామా, దాని గొంతే అంత" అన్నాడు. పక్క సీటులో కూర్చునే మా కోడలు మాత్రం రెండు వారాలుగా కారు ఎక్కితే చాలు తలనొప్పి అంటోంది. బెంగళూరు ట్రాఫిక్కు వలన అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నారు.

నాకు ఆ రెండు సంగతులూ ఒకటేనని అనుమానం కలిగింది. ఎందుకో చెప్పాలంటే పొగ వెళ్ళే దారిని కొంత తెలుసుకోవాలి.

ఇంజను సిలిండర్ల నుండి వెలువడే వేడి వాయువులు మొదట మానిఫోల్డు అనే కొమ్మల గొట్టంలో కలుస్తాయి. ఇంజనుకూ దానికీ నడుమ ఒక గ్యాస్కెట్ ఉంటుంది. షెడ్డులలో దీనినే ప్యాకింగ్ అంటారు. అక్కడి నుండి వాయువులు క్యాటలిటిక్ కన్వర్టరు గుండా, ఆపైన సైలెన్సరు గుండా వెనుక గొట్టానికి చేరుతాయి. కన్వర్టరు పని విషవాయువైన కార్బన్ మోనాక్సైడును చాలావరకు కార్బన్ డయాక్సైడుగా మార్చడం. సైలెన్సరు పని చప్పుడును తగ్గించడం మాత్రమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సైలెన్సరుకు చిల్లు పడితే వీధి వీధంతా వినబడేటంత మోత వస్తుంది. ఐతే ఆ వాయువు అప్పటికే కన్వర్టరు దాటి, కారు తోక దగ్గర బయటపడుతున్నది. మానిఫోల్డు ప్యాకింగ్ కాలిపోతే వచ్చేది చిన్న టిక్ టిక్ మాత్రమే. కాని శుద్ధి కాని వాయువు ఇంజను గదిలోనే వెలువడి, లోపలికి గాలి పంపే సందుల గుండా సీట్ల వరకు చేరగలదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా ఆసక్తితో దానిని పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, వికారం దాని తొలి గుర్తులు. పెద్ద మోత కంటే చిన్న చప్పుడుకే ఎక్కువ భయపడాలని నేనడం ఇందుకే. స్పోర్ట్స్ కారు యజమానులకు మోత అలవాటు, పైగా ఇష్టం. అందువలన ఈ చిన్న చప్పుడు వారి చెవిని పడటమే కష్టం.

చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కగానే తగ్గే టిక్ టిక్ మానిఫోల్డు లీకుకు మంచి ఆనవాలు. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. మన వంటింటి కుక్కరు రబ్బరు కొంచెం అరిగినప్పుడు మొదట బుస్సుమని, తరువాత మూత బిగిసి ఊరుకోవడం గృహిణులందరూ ఎరిగినదే. సందు మూసుకున్నంత మాత్రాన జబ్బు కుదిరినట్లు కాదు. యాక్సిలరేటరు తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు మళ్ళీ తెరుచుకుంటుంది.

ఇంకొక గుర్తు పెట్రోలు ఖర్చు. ఆక్సిజన్ సెన్సారుకు ముందు లీకు ఉంటే, వాయువు తరంగాల మధ్య బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. గాలి ఎక్కువైందని సెన్సారు చెబుతుంది, కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. మా వాడి కారు మైలేజీ తగ్గి నెల దాటిందట. దానిని కూడా ట్రాఫిక్కు ఖాతాలోనే వ్రాసుకున్నాడు!

పరీక్షను ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే మొదలుపెట్టాలి. ముందుగా టార్చిలైటు వేసి అతుకుల దగ్గర నల్లని మసి చారలున్నాయేమో చూడాలి. లీకు తన సంతకం తానే పెడుతుంది. తరువాత వాక్యూమ్ క్లీనరును గాలి ఊదే వైపు తిప్పి వెనుక గొట్టానికి గుడ్డతో బిగించి, అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లాలి. బుడగలు వచ్చిన చోటే చిల్లు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్లే. ఇంజను నడుస్తుండగా వినదలిస్తే ఒక రబ్బరు గొట్టాన్ని స్టెతస్కోపులా చెవికి ఆనించి వెతకవచ్చు; ఫ్యానుకూ బెల్టుకూ చేయి దూరంగా ఉండాలి. ఇది ఆరుబయట చేయవలసిన పని. అపార్టుమెంటు బేస్‌మెంటులో ఇంజను నడపరాదు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రింద దూరరాదు.

స్పోర్ట్స్ కారుకు వేరే చిక్కులూ ఉన్నాయి. ఎత్తు తక్కువ కాబట్టి మన రోడ్డు హంపులు నేరుగా గొట్టాన్ని తాకుతాయి. ఆ దెబ్బకు ముందున్న అతుకు కదులుతుంది. బెంగళూరుకు చెందిన శాన్ మోటార్స్ 1990ల చివర తెచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్ వంటి కార్లలో శరీరం ఫైబర్ గ్లాసుది. లీకు నుండి చిమ్మే వేడి వాయువు ఇనుప రేకు రంగు మార్చి ఊరుకుంటే, ఫైబర్ గ్లాసును మాడ్చగలదు.

మేము కారును జె.సి. రోడ్డు దాపున ఉన్న ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాము. విడిభాగాల అంగళ్ళన్నీ ఆ వీధిలోనే కలవు. పెద్దాయన బానెట్ ఎత్తి, మసి చూపించి, "మేష్ట్రే, ప్యాకింగ్ హోగిదె" అన్నాడు. మూడవ సిలిండరు దగ్గర ప్యాకింగ్ కాలిపోయింది, ఒక స్టడ్డు విరిగింది. వెనుక సైలెన్సరు నిక్షేపంగా ఉంది. ఆ రోజు ఉదయం మరొక చోట మా వాడికి సైలెన్సరు మొత్తం మార్చమని సలహా దొరికింది! డబ్బు పోవడమే కాక లీకు అక్కడే ఉండేది.

మరమ్మతులో కష్టమంతా తుప్పు పట్టిన నట్లు విప్పడంలోనే. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలివేశారు. తరువాత మానిఫోల్డు ముఖం మీద నిటారు పట్టీ పెట్టి, ఫిల్లర్ గేజితో వంకర కొలిచారు. వంకర ఉంటే మిషను మీద చదును చేయించాలి, లేకపోతే కొత్త ప్యాకింగ్ కూడా నిలువదు. నట్లు కొత్తవి వేసి, మధ్య నుండి చివరలకు, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. పోత ఇనుప మానిఫోల్డుకు పగులు ఉంటే మామూలు వెల్డింగ్ ఎక్కువ కాలం ఆగదు, మార్చడమే మేలు. ఉక్కు గొట్టానికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి. పైపూత ముద్దలు, చుట్టే పట్టీలు షెడ్డు దాకా చేర్చడానికే. ఇంటి నీటి గొట్టాలకు వాడే ముద్దలు ఆ వేడికి రాలిపోతాయి.

మోత ఇష్టమై సైలెన్సరు తీసివేసేవారికి ఒక మాట. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను క్రింద శబ్ద ప్రమాణాల ఉల్లంఘనకు మొదటిసారే మూడు నెలల వరకు జైలు, లేక పదివేల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ ఉండవచ్చు. మూడు నెలలు లైసెన్సు అనర్హత కూడా కలదు.

మా కోడలు డాక్టరును చూసి వచ్చింది. మరమ్మతు పూర్తయ్యే వరకు ఆ కారు ఎక్కలేదు. తలనొప్పి మూడు రోజులలో తగ్గింది. వారం తరువాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు నట్లు మరొకసారి చూసుకోమని షెడ్డు పెద్దాయన చెప్పాడు. మేనల్లుడు ఆదివారం ఉదయం ఆ పని చేసి నాకు ఫోను చేశాడు. ఒక నట్టు పావు చుట్టు బిగిందట.