అతిథి నౌకలకు 18 నెలల గడువు

అమ్మకమునకై దిగుమతియగు సరకునకును, యజమానిని వెంటఁబెట్టుకొని నాలుగు రేవులు చూచి స్వదేశమునకు మరలిపోవు విహారనౌకకును ఒకే సుంకము విధించుట న్యాయము కాదని గ్రహించిన రాజ్యములు, 1956లో జినీవాలో, స్వంత వినియోగమునకై తాత్కాలికముగాఁ దెచ్చుకొను నౌకలను, విమానములను గూర్చి ఒక ఒడంబడిక చేసికొన్నవి. వస్తువు తిరిగి పోవలెనను నిబంధనపై సుంకమును నిలిపియుంచుట దాని సారము.

ఈ సూత్రము నేఁడు ఐరోపా యూనియన్‌లో ఎట్లు నడచుచున్నదో చూతము. యూనియనుకు వెలుపల నివసించు వ్యక్తి, వెలుపలనే తన పేర రిజిస్టరైన నౌకను స్వంత విహారమునకు కొనివచ్చినచో, సుంకముగాని వ్యాట్‌గాని చెల్లింపకయే 18 నెలలు అచట నుంచుకొనవచ్చును. క్రొయేషియాలో వ్యాట్ 25 శాతము, గ్రీసులో 24 శాతము. లక్ష యూరోల నౌకపై ఆ మినహాయింపు ఎంత గొప్పదో పాఠకులే లెక్కించుకొనవచ్చును. సాధారణముగా దరఖాస్తుతో పనిలేదు, సరిహద్దు దాటుటయే ప్రకటనగా చెల్లును; అందువలననే ప్రవేశించిన తేదీని నిరూపించు రేవు రసీదులను భద్రపఱచుకొనుట యజమానికి క్షేమము.

బ్రిటన్ యూనియన్ నియమముల క్రింద నుండిన 2020 డిసెంబరు 31 వఱకు ఈ లెక్కలతో నిమిత్తము లేని బ్రిటిష్ నావికులు ఇప్పుడు వానిని కంఠస్థము చేయుచున్నారు. గడువు తీరకముందే టర్కీకో, ట్యునీషియాకో పోయి మరలివచ్చినచో క్రొత్త గడువు మొదలగును. ఇందొక విచిత్రము కలదు: నౌక 18 నెలలుండవచ్చును గాని, వీసాతో పనిలేక వచ్చిన యజమాని మాత్రము షెంజెన్ దేశములలో ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి యుండరాదు. మనుష్యునికంటె పడవకే ఆదరణ హెచ్చనుట అతిశయోక్తి కాదు.

జెండా మార్చినంత మాత్రమున ఈ సౌకర్యము లభింపదు. ఫ్రాన్సులో నివసించువాఁడు దూరదేశపు జెండా నెగురవేసినను, చట్టము చూచునది అతని నివాసమునే. వెలుపల నుండి వచ్చిన యజమాని తాను యూనియన్‌లో నున్నప్పుడు అచటి మిత్రునకు నౌకను అప్పుడప్పుడు ఇచ్చుట సమ్మతమే. అద్దెకిచ్చుట స్వంత వినియోగము క్రిందికి రాదు. ఇఁక స్వదేశమునకు తిరిగివచ్చు నౌకకు బ్రిటన్‌లోను, యూనియన్‌లోను సాధారణముగా మూడేండ్ల గడువు కలదు. అది దాఁటినచో పూర్వము పన్ను చెల్లించిన నౌకయైనను మరల చెల్లింపవలసి రావచ్చును.

నౌక తిరిగి పోవలెనన్నదే ఈ మినహాయింపునకు నిబంధన కావున, విదేశపు రేవులో నౌకను అమ్మఁదలఁచినవారు బేరము కుదుర్చుకొనకముందే అచటి కస్టమ్సు కార్యాలయమున విచారించుకొనవలెను.