గాజు పలకపై కలంకారీ గీత!
ముంచనక్కరలేని ‘కుంచె’లను పరీక్షించి చూసిన తండ్రీకొడుకులు

శ్రీకాళహస్తి: కలం పట్టి నలభై ఏళ్లయిన కలంకారీ కళాకారుడాయన. ఇటీవల ఒక సాయంత్రం ఇంటి పంచలో కూర్చుని, చేతికిచ్చిన పెన్నును అలవాటు చొప్పున పక్కనున్న రంగు ముంతలో ముంచబోయారు. ‘నాయనా, ముంచొద్దు! దానికి రంగు అక్కర్లేదు’ అంటూ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ‘ముంచకుండా గీసే కలం ఏంది రా?’ అని తండ్రి నవ్వారు.

ఆ సాయంత్రం తండ్రీకొడుకులు పరీక్షించి చూసినవి కంప్యూటర్ ‘కుంచె’లు. కొడుకు తిరుపతిలో ఫ్లెక్సీ బోర్డులు డిజైన్ చేసే దుకాణంలో పని చేస్తున్నాడు. బడిపిల్లల పలకంత ఉండే తెరపై పెన్నుతో బొమ్మలు గీయడం అక్కడే నేర్చుకున్నాడు. కొత్తగా దించుకున్న కుంచెలు ఎలా ఉన్నాయో చెప్పగలిగేది ఇంట్లోనే ఉన్నారు కదా అని పలకను ఇంటికి తెచ్చాడు.

కుంచె కాదు, ముద్ర

కంప్యూటర్ కుంచెకు వెంట్రుకలు ఉండవు. అది ఒక చిన్న ముద్ర మాత్రమే. పెన్ను కదిలే కొద్దీ కంప్యూటర్ ఆ ముద్రను దగ్గర దగ్గరగా వేసుకుంటూ పోతుంది. ముద్రలు ఒత్తుగా పడితే కంటికి గీతలా కనబడుతుంది. పెడనలో అచ్చు దిమ్మెను గుడ్డపై వరసగా అద్దుకుంటూ పోవడం చూసినవారికి ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది. గట్టిగా నొక్కితే లావు గీత, తేలిగ్గా నొక్కితే సన్న గీత. నేటి పలకల్లో చాలావాటికి ఈ ఒత్తిడిని 8,192 మెట్లుగా కొలిచే శక్తి ఉంది.

కొడుకు వాడింది ‘క్రిటా’ అనే ప్రోగ్రాం. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. స్వీడన్ దేశపు భాషలో ‘క్రిటా’ అంటే సుద్దముక్క. ఇందులో బొగ్గు, పెన్సిలు, సిరా, నీటిరంగు, నూనెరంగు ఇలా రకరకాల కుంచెలు సిద్ధంగా ఉంటాయి. ఇవి చాలవనుకునేవారు ఇతరులు తయారు చేసిన కుంచెల మూటలను దించుకోవచ్చు.

బొగ్గుకు మంచి మార్కులే

మొదట బొగ్గు కుంచె. కలంకారీలో తొలి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లతోనే. కనుక తండ్రికి ఇది వెంటనే చేతికి వచ్చింది. పెన్నును పక్కకు వంచితే వెడల్పుగా, నిలబెడితే సన్నగా పడింది. నిమిషంలో గణపతి తొండం తిరిగింది. ‘ఇది బాగుండాది’ అన్నారాయన.

సిరా కుంచె దగ్గర పేచీ వచ్చింది. గాజుపై పెన్ను జర్రున జారిపోయింది. గుడ్డయితే కలాన్ని కొంచెం పట్టి ఆపుతుంది. ఆ పట్టు లేక కన్ను బొమ్మ చెవి దాకా సాగింది. పైగా, వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని నొక్కి రంగు వదలడం ఆయన వేళ్లకు అలవాటు. పెన్ను నడుమ ఎంత నొక్కినా ఫలితం లేకపోయింది. ఆ పెన్నుకు తెలిసింది మొన మీద పడే ఒత్తిడి ఒక్కటే.

నీటిరంగు కుంచె చూడటానికి సొంపుగా ఉంది. అయితే అంచులో రంగు పాకే తీరు ప్రతిసారీ ఒకేలా ఉందని నాలుగో గీతకే ఆయన కనిపెట్టేశారు.

ఇక గీత వణకకుండా చక్కదిద్దే ఏర్పాటు ఒకటి ఉంది. తండ్రి చేయి ఈ మధ్య కొద్దిగా వణుకుతోంది. కొడుకు ఆ సంగతి పైకి అనకుండానే ఆ ఏర్పాటును పని చేయించాడు. గీత నున్నగా, తీగలా వచ్చింది. తండ్రి దాన్ని చాలాసేపు చూశారు. ‘బాగుంది గానీ, ఇది నా గీత కాదు’ అని పలకను కొడుకు ముందుకు తోశారు.

ఇంట్లోనే తయారైన కుంచె

అయితే మన కలాన్నే కుంచెగా చేద్దామని కొడుకు ప్రతిపాదించాడు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నార్వే దేశపు చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1944లో మరణించగా, ఆయన వాడిన కుంచెలను ఓస్లోలోని మంక్ మ్యూజియం భద్రపరిచింది. 2017లో అడోబ్ కంపెనీ ఆ మ్యూజియంతో కలిసి ఆ కుంచెలకు అన్ని వైపులా ఫొటోలు తీయించి, కైల్ వెబ్‌స్టర్ అనే నిపుణుడి చేత కంప్యూటర్ కుంచెలుగా మలిపించింది.

ఇక్కడ పని ఇంకా తేలిక. తండ్రి కలంతో తెల్ల కాగితంపై చుక్కలు, పొట్టి గీతలు వేశారు. కొడుకు వాటిని సెల్‌ఫోనుతో ఫొటో తీసి, నలుపు తెలుపుగా మార్చి, ఒక ముద్రను కత్తిరించాడు. ముద్రకూ ముద్రకూ మధ్య ఎడం తగ్గించాడు. ఒత్తిడిని బట్టి లావు మారేలా చేశాడు. గంటలో ‘నాయన కలం’ అనే కుంచె తయారైంది. అన్నిటిలోకీ దీనికే తండ్రి దగ్గర ఎక్కువ మార్కులు పడ్డాయి.

గుడ్డ మీద సంగతి వేరు

ఎంత చేసినా గుడ్డ మీద జరిగేది పలక మీద జరగదు. కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపిన నీళ్లను పదిహేను రోజులకు పైగా ఊరనిచ్చి, ఆ నీళ్లతో గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే ఆ నీళ్లు నల్లగా తిరుగుతాయి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత మంజిష్ఠ వంటి వేళ్లతో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్య మధ్య పారే నీళ్లలో ఉతకాలి. గీసేటప్పుడు లేని రంగును మనసులో చూసుకుంటూ గీయడమే ఈ విద్య.

పలక మీద తప్పు పోతే ఒక మీట నొక్కితే చాలు, గీత మాయం. గుడ్డ మీద పడిన నలుపు తేలిగ్గా పోదు. ‘పొరపాటు పడితే దాన్నే ఆకుగానో, తీగగానో మార్చుకోవాల’ అని తండ్రి చెప్పారు. ఆయన నేర్చిన తీగల్లో సగం అలా పుట్టినవేనట.

భయం ఎక్కడంటే...

కుంచెలను చూసి ఆయనకు భయం లేదు. భయమంతా ఆ బొమ్మ తర్వాత ఎక్కడికి పోతుందోనని. పలకలో గీసిన బొమ్మను క్షణంలో పంపవచ్చు. అది అచ్చు యంత్రానికి చేరితే వందల గజాల గుడ్డపై పడుతుంది. కలం తగలని గుడ్డలు కలంకారీ పేరుతో బజారులో అమ్ముడవుతూనే ఉన్నాయి. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టుకున్న కళ ఇది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా కొనేవారికి తేడా తెలియకపోతే ఆ గుర్తింపు కాగితం మీదే ఉంటుంది.

తేడా పట్టడం కష్టమేమీ కాదు. చీరపై ఒకే బొమ్మ రెండు చోట్ల ఉంటే పక్కపక్కన పెట్టి చూడాలి. చేత్తో గీసినవి రెండూ అచ్చుగుద్దినట్లు ఉండవు. గీత ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా ఉంటుంది. కలం మళ్లీ ముంచి మొదలుపెట్టిన చోటు కూడా పరకాయించి చూస్తే దొరుకుతుంది.

చివరకు కుదిరిన రాజీ

రాత్రి భోజనాల దగ్గర తండ్రీకొడుకులు ఒక మాటకు వచ్చారు. గిరాకీదారుకు ముందుగా చూపే నమూనా పలకపై గీయాలి. రంగులు మార్చమన్నా, దేవుడిని కుడికి జరపమన్నా అక్కడే మార్చాలి. దీనివల్ల గుడ్డ, రోజులు రెండూ మిగులుతాయి. అసలు బొమ్మ మాత్రం గుడ్డపై కలంతోనే. నమూనాను చిన్న సైజులోనే పంపాలి, పెద్దది ఎవరికీ ఇవ్వరాదు. ‘నాయన కలం’ కుంచె కూడా ఇల్లు దాటకూడదు.

మర్నాడు పొద్దున పలక గోడకు ఆనించి ఉంది. దానిలోని బొమ్మను చూస్తూ తండ్రి చింతబొగ్గుతో గుడ్డపై గీత మొదలుపెట్టారు. తిరుపతి బస్సుకు ఇంకా అరగంట ఉంది. కొడుకు పక్కన కూర్చుని, ఊడిపోయిన పాత కలానికి ఉన్ని చుట్టి దారం బిగిస్తున్నాడు.